22 ఏళ్ళు చేసిన అడ్తి దుకాణంలో చివరి రోజు: చెప్పి పోవాలా, చప్పుడు కాకుండా పోవాలా?

ఈసారి ఉత్తరం వరంగల్ ఏనుమాముల మార్కెట్ నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు, మార్కెట్ పేరు రాస్తే ఫర్వాలేదన్నారు. ఆయనకు 47 ఏళ్ళు. 2003లో నెలకు 1,500 జీతానికి ఒక అడ్తి దుకాణంలో (రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం) గుమాస్తాగా చేరారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు, జీతం 19,000 అయింది. వచ్చే శుక్రవారం ఆయనకు అక్కడ చివరి రోజు. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు. సోమవారం నుంచి ఆ దగ్గర్లోనే ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే పని. జీతం 26,000 ఇస్తామన్నారు, పీఎఫ్ కూడా కడతామన్నారు.

ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో రెండు పేజీలు దుకాణం యజమాని పెద్ద సేఠ్ గురించే. తక్‌పట్టీ (రైతు సరుకు తూకం, రేటు, చేతికొచ్చే మొత్తం రాసిచ్చే చీటీ) రాయడం నేర్పింది ఆయనే. మిర్చి గుప్పిట్లో పట్టుకుని ఇది తేజ, ఇది చపాట, ఇందులో తాలు (నాసిరకం కాయ) ఇంత కలిసింది అని చెప్పడం నేర్పిందీ ఆయనే. 2021లో కరోనాతో ఆయన పోయారు, దుకాణం కొడుకు చేతికి వచ్చింది. ఈ చిన్న సేఠ్‌ను పదో తరగతి పరీక్షలకు సైకిల్ మీద దించి వచ్చింది మన ఉత్తరం రాసినాయనే. నెల కింద "పని మానేస్తున్నా" అని చెప్తే ఆ అబ్బాయి "నీ ఇష్టం" అన్నాడట, ఇంకో మాట లేదు. అప్పటిదాకా "అన్నా" అని పిలిచేవాడు, ఇప్పుడు "ఇదిగో" అంటున్నాడట.

బిడ్డ పెళ్ళికి తీసుకున్న లక్షన్నర అడ్వాన్సులో ఇంకా 38,000 బాకీ ఉంది. ఇన్నేళ్ళలో పీఎఫ్ అనే మాటే లేదు. ఈయన స్థానంలో వచ్చిన పిల్లవాడికి పది రోజులుగా పని నేర్పుతున్నారు. "వానికి కంప్యూటర్ మంచిగ వస్తది, రైతు మొహం చదవడం రాదు" అని రాశారు.

ఇంకొకటి, నల్ల అట్ట నోట్‌బుక్. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి యాభై అరవై రైతు కుటుంబాలు ఆ దుకాణానికి ఈయన్ని చూసే వస్తాయి. విత్తనాలకని, మందులకని, దవాఖాన ఖర్చులకని పెద్ద సేఠ్ నోటి మాట మీద ఇప్పించిన పైసలకు ఖాతా పుస్తకంలో తేదీ, మొత్తం ఉంటాయి. కానీ "ఈ ఇంట్లో కష్టం వచ్చింది, వీళ్ళకు మిత్తి (వడ్డీ) వేయకు", "వీళ్ళు పత్తి అమ్మినాక ఇస్తరు, అప్పటిదాకా అడగకు" అని ఆయన చెప్పిన మాటలు మాత్రం ఆ నోట్‌బుక్‌లోనే ఉన్నాయి. నిరుడు చిన్న సేఠ్ ఖాతాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అది అందరికీ ఒకే లెక్కన మిత్తి వేసుకుంటూ పోతోంది. ఇన్నాళ్ళూ మిత్తి వద్దన్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈయన ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చారు. రేగొండ దిక్కు ఒకామె సంగతి రాశారు. భర్త చనిపోయాడు, 40,000లో 25,000 కట్టేసింది, అసలు ఇస్తే చాలని పెద్ద సేఠ్ ఆమె ముందే అన్నారు. కంప్యూటర్‌లో ఆమె బాకీ ఇంకా పెరుగుతూనే ఉంది.

అడిగింది ఇదీ: "శుక్రవారం పొద్దుగూకినాక తాళాలు ఇచ్చి ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోదామనుకుంటున్నా. హమాలీల ముందు ఏడుస్తనేమో అని భయం. నా భార్య స్వీట్లు తీసుకపోయి అందరికీ పంచి రమ్మంటున్నది. గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి చేసి మానేసేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం) అడుగుమని బామ్మర్ది అంటున్నడు. పెద్ద సేఠ్ ఫోటో ముందట నిలబడి పైసలు ఎట్ల అడగాలి? ఇంకో అడ్తి ఆయన ఫోన్ చేసి నీ రైతులను నాకు చూపెట్టు, నీ సంగతి చూసుకుంటా అన్నడు. మీరైతే ఏం చేస్తరు?"

తమ్ముడూ, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు, ఏడుపొస్తుందేమో అని భయపడుతున్న మనిషి ఉత్తరం అనుకున్నాను. రెండోసారి చదివితే నల్ల నోట్‌బుక్ దగ్గర ఆగిపోయాను. మీరు దాని గురించి ఆరు లైన్లు రాసి ముందుకు పోయారు కానీ, నాకు కనిపించినంతవరకు మీ చివరి రోజు సంగతంతా అందులోనే ఉంది. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను, స్వీట్లు, పైసలు తర్వాత.

శుక్రవారం మీ ఒక్కరికే చివరి రోజు కాదు. పెద్ద సేఠ్ పోయినా, ఆయన అన్న మాటలు మీ నోట్లో ఇంకా బతికున్నాయి. నాలుగేళ్ళుగా ఆ యాభై ఇళ్ళకు ఆయన మాట చెల్లుతున్నదంటే అది మీరు ఆ గద్దె పక్కన కూర్చున్నందువల్లే. మీరు తాళాలు ఇచ్చి చప్పుడు కాకుండా పోతే సోమవారం ఆ పిల్లవాడు కంప్యూటర్ తెరుస్తాడు, రేగొండ ఆమె పేరు ముందు ఏ అంకె ఉంటే అదే చదువుతాడు. వాని తప్పేమీ లేదు, వానికి ఎవరూ చెప్పలేదు. చిన్న సేఠ్ తప్పు కూడా పెద్దగా లేదు, వాళ్ళ నాన్న ఆ మాట అన్నప్పుడు ఆ అబ్బాయి అక్కడ లేడు. రేపు ఆమె "పెద్ద సేఠ్ మిత్తి వద్దన్నడు" అంటే ఆమె దగ్గర రుజువేముంది? 2016లో ఈ-నామ్ (ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) మొదలైంది, మార్కెట్లలో టెండర్లు కంప్యూటర్ మీదికి వచ్చాయి, రేట్లు ఫోన్లో కనిపిస్తున్నాయి. అడ్తి దగ్గర రైతు బాకీ మాత్రం ఇంకా మనిషి మాట మీదే నడుస్తోంది, ఆ మనిషి వెళ్ళిపోతే మాట గాలికి పోతుంది.

నోట్‌బుక్‌ను మీ దగ్గరే ఉంచుకోవచ్చు, మీకూ ఆ ఆలోచన ఉన్నట్టే అనిపించింది. అప్పుడు అది ఎవరికీ పనికిరాదు. పైగా ఏ రోజైనా లెక్కలో తేడా వస్తే "పుస్తకం తీసుకపోయిండు" అనే మాట మీ మీద పడుతుంది. 22 ఏళ్ళలో ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. లేదంటే దాన్ని అట్లాగే చిన్న సేఠ్ టేబుల్ మీద పెట్టి రావచ్చు. మీ రాత, మీ గుర్తులు, "న.పే. పెద్దాయన, పత్తి" అని రాసుంటే ఆ అబ్బాయికి ఏం అర్థమవుతుంది? సొరుగులో పడేస్తాడు.

నేనైతే మంగళవారమో బుధవారమో, కాంటాలు అయిపోయి తక్‌పట్టీలు రాయడం కూడా ముగిసినాక, ఒక గంట కావాలని అడుగుతాను. ఇద్దరే కూర్చోవాలి, ఆ కొత్త పిల్లవాడు కూడా ఉంటే ఇంకా మంచిది. పేరు పేరునా చదవండి. ఎవరు, ఏ ఊరు, ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, నాన్నగారు ఏమన్నారు, ఆ రోజు ఇంకెవరున్నారు. ఒక తెల్ల కాగితం మీద శుభ్రంగా ఎక్కించి ఆఖరున ఇద్దరూ సంతకం పెట్టండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మిత్తి మాఫీ అన్న పేర్లు కంప్యూటర్‌లో కూడా అప్పుడే మార్పించండి, తర్వాత చూద్దాం అంటే అది జరగదు.

ఆ అబ్బాయి ఒప్పుకోకపోవచ్చు. "నాన్న చెప్పినట్టు నువ్వు అంటున్నవ్, నేనెట్ల నమ్మాలె" అనవచ్చు. ఆ మాటకు సిద్ధపడి వెళ్ళండి, కోపం తెచ్చుకోకండి. దుకాణం ఆయనది, పైసలు ఆయనవి, వదలాలా వద్దా అనేది చివరికి ఆయన ఇష్టమే. కానీ తెలిసి కాదనడం వేరు, తెలియక వసూలు చేయడం వేరు. ఆయనకు తెలిసేలా చేయడం వరకు మీ పని. ఒకవేళ కుదరదనే అంటే, మిత్తి మాఫీ అన్న ఆ ఇళ్ళవాళ్ళకు మీరే ముందు చెప్పండి, "నేను పోతున్నా, మిత్తి సంగతి సేఠ్‌తో మీరే ఒకసారి మాట్లాడుకోండి, పెద్దాయన అన్న మాటకు నేను సాక్ష్యం ఉంటా" అని. అది సేఠ్‌కు వ్యతిరేకంగా చెప్పినట్టు కాదు. వాళ్ళు సీజన్‌లో మిర్చి బస్తాలు దించి, పట్టీ చేతికి వచ్చినాక అందులో మిత్తి కోసుకున్నట్టు చూసి గుండె పట్టుకోవడం కంటే ఇప్పుడే తెలియడం నయం.

నాకు ఇంకోటి అనిపిస్తోంది, తప్పైతే క్షమించండి. ఆ అబ్బాయి "నీ ఇష్టం" అన్న మాటలో మీకు కోపం వినిపించింది, నాకు భయం వినిపించింది. 37 ఏళ్ళవాడు, నాన్న పోయిన దుకాణం, ఏ రైతు ఎవరో పూర్తిగా తెలియదు, తెలిసిన ఒక్క మనిషీ పోతున్నాడు. ఇట్లాంటప్పుడు కొంతమంది ఏడుస్తారు, కొంతమంది "ఇదిగో" అని పిలుస్తారు. నోట్‌బుక్ ముందు పెట్టుకుని గంట కూర్చుంటే వాళ్ళ నాన్న ఎట్లాంటి మనిషో ఆ అబ్బాయికి మీ నోటి నుంచి కొత్తగా తెలుస్తుంది. ఆ తర్వాత కూడా మాట్లాడకపోతే, సరే, మీరు చేయాల్సింది చేశారు. బతిమాలి "అన్నా" అనిపించుకోవాల్సిన పని లేదు.

ఇక పైసలు. మీ బామ్మర్ది చెప్పింది గాలి మాట కాదు. గ్రాట్యుటీ చట్టం కార్ఖానాలకే కాదు, పది మంది పనిచేసే దుకాణాలకూ వర్తిస్తుంది, ఐదేళ్ళు నిండితే చాలు. మీ దుకాణంలో ఇప్పుడు ఆరుగురే ఉన్నారని, పెద్ద సేఠ్ కాలంలో పత్తి సీజన్‌లో పన్నెండు మంది దాకా జీతం మీద ఉండేవాళ్ళమని రాశారు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఒకసారి చట్టం కిందికి వచ్చిన దుకాణం, తర్వాత మనుషులు పది కంటే తగ్గినా చట్టం కిందే ఉంటుంది. అయితే హమాలీలను, దడ్వాయిలను (తూకం వేసేవాళ్ళను) ఆ పన్నెండులో కలపకండి, వాళ్ళు మార్కెట్ లైసెన్సు మీద పనిచేసేవాళ్ళు, మీ సేఠ్ జీతగాళ్ళు కారు. వాళ్ళను తీసేసినా పది మంది ఉండేవారా అనేది గట్టిగా గుర్తు చేసుకోండి, మీ వాదన నిలబడేది దాని మీదే.

లెక్క మీలాంటివాళ్ళకు చెప్పాల్సింది కాదు గానీ ఒకసారి చూద్దాం. ఆఖరి జీతం 19,000ను 15తో గుణించి 26తో భాగించాలి, దాన్ని 22 ఏళ్ళతో గుణించాలి. 2,41,000 పైచిలుకు వస్తుంది. 22 ఏళ్ళ మీద ఆరు నెలలు దాటి ఉంటే 23 కింద లెక్క. మీ 38,000 అడ్వాన్సు అందులో మినహాయించుకొమ్మని మీరే చెప్తే, ఇంకా రెండు లక్షల పైన మీకు రావాలి. నియామక పత్రం లేదని దిగులు పడకండి. 2003 నుంచి చిట్టా, ఖాతా పుస్తకాల నిండా ఉన్నది మీ చేతిరాతే కదా, దానికి మించిన సాక్ష్యం ఏముంటుంది.

అడగాలా వద్దా? అడగకపోతే శుక్రవారం అందరూ మంచిగా ఉంటారు, మీరు నమస్కారం పెట్టి వస్తారు. ఆరు నెలలకు ఇంట్లో ఏదో ఖర్చు వస్తుంది, అప్పుడు ఆ రెండు లక్షలు గుర్తొస్తాయి, పెద్ద సేఠ్ మీద కూడా కోపం వస్తుంది. నాకు అదే ఎక్కువ బాధగా అనిపిస్తోంది, ఆయన మీద మీకున్న ప్రేమ అట్లా పాడైపోవడం. అడిగితే చిన్న సేఠ్ మొహం మాడ్చుకోవచ్చు, "ఇన్నేళ్ళు ఇంట్లో మనిషి లెక్క చూసుకున్నం" అనవచ్చు. ఇంట్లో మనిషిలా చూసుకున్నది నిజమే, బిడ్డ పెళ్ళికి లక్షన్నర మిత్తి లేకుండా ఇవ్వడం కూడా నిజమే. కానీ అడ్వాన్సు మీరు జీతంలో కట్టుకుంటూ వచ్చారు, అది దానం కాదు. గ్రాట్యుటీ కూడా దానం కాదు, మీరు చేసిన పనికి వెనక్కి పడి ఉన్న జీతం. ఫోటో ముందు అడగడానికి సిగ్గు అన్నారు. ఏ రైతు లెక్కా తక్కువ కాకుండా పట్టీ రాయమని మీకు నేర్పిన మనిషి ఆయన, మీ లెక్క మీరు సరిగ్గా రాసుకుంటే ఆయన తప్పు పట్టరు.

నా సలహా, అడగండి. కానీ శుక్రవారం అడగకండి, నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్న రోజు అసలే అడగకండి, రెండూ కలిస్తే రైతుల మాట మీ బేరంలా కనిపిస్తుంది. గురువారం విడిగా, ఒక కాగితం మీద లెక్క రాసి ఇవ్వండి, "తమ్ముడూ, దీని గురించి ఆలోచించు, ఒక్కసారి కాకపోతే రెండు మూడు కిస్తీలు చేసుకుందాం" అని. కిస్తీలకు ఒప్పుకుంటే తేదీలు రాయించుకోండి. చట్టం ప్రకారం అయితే 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దారి పట్టాలా అనేది మీరు తర్వాత నిదానంగా నిర్ణయించుకోవచ్చు, ఇప్పుడే బెదిరించాల్సిన అవసరం లేదు. అది పడితే మాత్రం సంబంధం తెగిపోతుంది, ఆ మార్కెట్‌లోనే బతకాల్సిన మనిషిగా మీరు దాన్ని కూడా తూకం వేసుకోవాలి.

కొత్త చోటు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇక్కడ తొందర అవసరం. పీఎఫ్‌తో వచ్చే పింఛను పథకంలో నెల నెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి, 58 ఏళ్ళకు ఇస్తారు. మీకు 47. మొదటి నెల నుంచే కడితే సరిపోతుంది, "ఏడాది చూసి కడతాం" అంటే అంచు మీద ఉంటారు. ఇంకోటి, కొత్తగా పీఎఫ్‌లో చేరేవాళ్ళకు బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15,000 దాటితే ఆ పింఛను పథకంలోకి తీసుకోరు, పీఎఫ్ ఒక్కటే ఉంటుంది. 26,000ను ఏ రకంగా విడదీసి రాస్తున్నారో కాగితం చేతికి తీసుకున్నాకే సంతకం పెట్టండి.

రైతులను చూపెట్టమన్న ఇంకో అడ్తి ఆయనకు వద్దని చెప్పండి. ఎక్కువ ఆలోచించాల్సింది కూడా లేదు. రేటు పడ్డప్పుడు ఆ రైతుల బస్తాలే మీ కోల్డ్ స్టోరేజీకి వస్తాయి, చిన్న సేఠ్ బస్తాలు కూడా వస్తాయి. మీరు మార్కెట్ వదిలి పోవడం లేదు, రోడ్డు అవతలికి మారుతున్నారు, అంతే. మార్చిలో అవే మొహాలు మీ కౌంటర్ ముందు నిలబడతాయి.

అందుకే చప్పుడు కాకుండా పోవద్దంటున్నాను. నేను చేశాను ఆ పని. హన్మకొండలో ఒక ఆఫీసులో పదకొండేళ్ళు చేసి, నలుగురి ముందు గొంతు పూడుకుపోతుందని భయపడి, మధ్యాహ్నం బ్యాగు తీసుకుని వచ్చేశాను. వారం తర్వాత అక్కడ చాయ్ తెచ్చే పెద్దమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నాకు ఏమన్నా అయిందేమో అనుకుందట. "చెప్పి పోతే నేను ఆపుదునా బిడ్డా" అంది. నా చేతిలో రెండు జామకాయలు పెట్టి వెళ్ళిపోయింది. ఆమె గడప దిగి వెళ్ళడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఏడుపొస్తుందని భయపడి వచ్చేసినదాన్ని, ఆ రోజు ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

హమాలీల ముందు ఏడిస్తే ఏమవుతుంది? మీ దుకాణం ముందు పదిహేనేళ్ళు బస్తాలు మోసినవాళ్ళు వాళ్ళు. పెద్ద సేఠ్ పోయినప్పుడు ఎవరెట్లా ఏడ్చారో మీరే రాశారు. మీ భార్య చెప్పినట్టు స్వీట్లు తీసుకెళ్ళండి, అయితే సాయంత్రం కాదు, పొద్దున్నే. సాయంత్రానికి హమాలీలు అలిసిపోయి ఉంటారు, రైతులు బస్సు కోసం పరుగెత్తుతుంటారు, మీకూ గుండె బరువెక్కుతుంది. పొద్దున జెండా పాట (ఆ రోజు సరుకు వేలం) మొదలు కాకముందు పంచేస్తే ఆ తర్వాత రోజంతా పని ఉంటుంది. కొత్త పత్తి ఇంకా ఊపందుకోలేదు కాబట్టి మనుషులు కూడా కాస్త తీరిగ్గానే ఉంటారు. ఆ రోజు తక్‌పట్టీలు మీరు రాయకండి, ఆ పిల్లవాడితో రాయించండి, మీరు పక్కన కూర్చుని వచ్చిన ప్రతి రైతునూ వానికి పరిచయం చేయండి. ఊరు పేరు, ఇంటి పేరు, ఏ పంట తెస్తాడు, ఎట్లా మాట్లాడితే నచ్చుతుంది. వానికి రానిది అదేనని మీరే అన్నారు కదా. ప్రసంగాలు వద్దు, శాలువా కప్పుతామంటే కప్పనివ్వండి, వద్దనకండి. వాళ్ళకు కూడా ఏదో ఒకటి చేయాలని ఉంటుంది.

ఫోటో ముందు ఏం చేయాలి అన్నారు. శుక్రవారం వెళ్ళేటప్పుడు దండం పెట్టుకోండి చాలు. ఆదివారం పెత్రమాస, పెద్దలను తలుచుకునే అమావాస్య. మీ పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు, మీ మనసు ఒప్పుకుంటే, ఆయన పేరు కూడా తలుచుకుని ఒక దోసెడు ఎక్కువ ఇవ్వండి. కొడుకు ఉన్నాడు కదా, నేనెట్లా ఇస్తాను అనుకోకండి, తలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. ఆ సాయంత్రం ఇంట్లోవాళ్ళు ఎంగిలి పూల బతుకమ్మ తీసుకుని బయల్దేరితే మీరూ వెంట వెళ్ళండి. 22 ఏళ్ళుగా ఈ రోజుల్లో దుకాణం లెక్కలతో ఇంట్లో లేనని మీరే రాశారు.

మిగతావన్నీ మంగళ, బుధ, గురువారాల్లో చేయొచ్చు. రేగొండ ఆమెకు ఫోన్ మాత్రం ఇవాళే చేయండి. వీలైతే బుధవారం మీరు నోట్‌బుక్ చదివే సమయానికి ఆమెను దుకాణానికి రమ్మనండి. ఆ రోజు పెద్ద సేఠ్ ఏమన్నారో చిన్న సేఠ్‌కు ఆమె నోటితో ఆమెనే చెప్పనివ్వండి.